రావడానికి పది దార్లు, పోవడానికి ఒకటి: ఇంట్లో సామాను ఎందుకు పేరుకుంటుంది, సర్దడం ఎక్కడ మొదలు పెట్టాలి

క్లుప్తంగా

నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్ళలో సామాను పేరుకోవడానికి బద్ధకం కంటే పాత అవసరాలే పెద్ద కారణం. ఏడాది గింజలు, పెళ్ళి సారె, నీటి ఎద్దడి, భూమి కాగితాలు. వీటిలో కొన్ని అవసరాలు తీరిపోయాయి, కొన్ని ఇంకా ఉన్నాయి. సర్దాలనుకునేవాళ్ళు డబ్బాలు కొనడానికి ముందు, సామాను బయటికి పోయే దారి చూసుకోవాలి. మందులు, వంటిల్లు ముందు; కాగితాలు, పోయినవాళ్ళ గుర్తులు చివర. ఈ ప్రాంతానికి పండగ దులుపుడు ఒక్కటే సరిపోదు, వానలకు ముందు సెప్టెంబరులో ఇంకో విడత కావాలి.

ఇల్లు ఒకప్పుడు గోదాము

ఇల్లు సర్దడం మీద వచ్చే వీడియోలు చాలావరకు ఒకే సలహాతో మొదలవుతాయి: ఏడాదిగా వాడని వస్తువును తీసేయండి అని. వినడానికి తేలికే. కానీ ఏ కోవూరులోనో కందుకూరులోనో పాత ఇంటి అటక ఎక్కి చూస్తే, అక్కడున్న వాటిలో చాలా వస్తువులు ఒక కాలంలో అత్యవసరమైనవే. అవి ఎందుకు వచ్చి చేరాయో తెలియకుండా పారేయమంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు. వాళ్ళ వైపు న్యాయం కూడా ఉంది.

పెన్నా డెల్టాలో ప్రధాన వరి పంట మార్చి, ఏప్రిల్ నెలల్లో కోతకొస్తుంది. ఇక్కడ ధాన్యాన్ని ఇప్పటికీ పుట్లలో లెక్కేస్తారు. పుట్టి అంటే 850 కిలోలు. పంట చేతికొచ్చినప్పుడే ఏడాది తిండిగింజలు ఇంటికి చేరాలి. ఆ ఎండల్లోనే చింతపండు గింజ తీసి ఉండలు కట్టాలి, మిరపకాయలు ఎండబెట్టాలి, ఆవకాయ జాడీలకెత్తాలి. ఇన్నిటికీ గాదె, గోతాలు, జాడీలు, చేటలు, జల్లెడలు, పెద్ద గిన్నెలు కావాలి. గోడల్లో గూళ్ళు, వంటింటి పైన అటక, వెనక పెరడు, ముందు వసారా అందుకే ఉండేవి. ఇల్లంటే మనుషులు పడుకునే చోటు మాత్రమే కాదు, ఏడాదికి సరిపడా సరుకు దాచుకునే గోదాము కూడా.

పాత ప్రకాశం జిల్లా పడమటి భాగంలో లెక్క వేరు. కనిగిరి, పొదిలి, మార్కాపురం వైపు వర్షం తక్కువ, చాలా ఊళ్ళలో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. అక్కడ ఇంట్లో పది బిందెలు, రెండు డ్రమ్ములు ఉంటే దాన్ని ఎవరూ అనవసరపు సామాను అనలేరు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఖాళీ బిందె కూడా ఆస్తే. పొగాకు పండించే ఊళ్ళలో బ్యారన్ కర్రలూ, అంటే ఆకును ఆరబెట్టే గదిలో వేలాడదీసే కర్రలూ అంతే. సంవత్సరంలో కొన్ని నెలలే పని, మిగతా కాలమంతా పెరట్లో అడ్డంగా కనిపిస్తాయి. అడ్డంగా ఉన్నదల్లా అనవసరం కాదు. సీజను కోసం ఆగి ఉన్న వస్తువు వేరు, పని పూర్తిగా అయిపోయిన వస్తువు వేరు. ఈ తేడా పట్టుకోకుండా ‘ఏడాది వాడకపోతే తీసెయ్’ అనే సూత్రాన్ని ఇక్కడి ఇళ్ళకు అంటగడితే పని చెడుతుంది.

ఇప్పుడు మారిందేమిటంటే ఇల్లు. పెరడున్న పెంకుటింటి నుంచో మిద్దె నుంచో రెండు పడగ్గదుల ఫ్లాటుకు వచ్చారు. బియ్యం 25 కిలోల బస్తా లెక్కన నెలనెలా కొంటున్నారు. పచ్చడి సీసా అంగట్లో ఏ రోజైనా దొరుకుతుంది. గోదాము అవసరం చాలావరకు తీరిపోయింది, గోదాములోని సామాను మాత్రం లారీ ఎక్కి ఫ్లాటుకొచ్చింది.

దీని ఖర్చు చేతికి తగలదు కాబట్టి ఎవరూ లెక్కేయరు. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి నెలకు 12,000 అద్దె అనుకుందాం. అడుగుకు 12 రూపాయలు. వాడని సామాను 60 అడుగుల చోటు తీసుకుంటే నెలకు 720, ఏడాదికి 8,640 రూపాయలు. పాత గ్రైండరుకూ, కాలు విరిగిన కుర్చీలకూ, అట్టపెట్టెలకూ కడుతున్న అద్దె అది.

రావడానికి ఎన్ని దార్లో

సామాను పెరగడానికి షాపింగు ఒక్కటే కారణమనుకోవడం పొరపాటు. కొనకుండా వచ్చేదే ఎక్కువ.

అన్నిటికంటే పెద్ద దారి పెళ్ళి. సారెలో ఇత్తడి బిందెలు, గంగాళం, గుండిగలు, స్టీలు డబ్బాల సెట్లు వస్తాయి. వాటి మీద పేరు కొట్టిస్తారు. ఆ పేరే తర్వాత చిక్కు తెస్తుంది. ఇచ్చినవారి పేరూ పెళ్ళి తేదీ చెక్కి ఉన్న గిన్నెను పాత సామాన్లవాడికి వేయడమంటే మేనమామ పరువును తూకం వేసినట్టే. అందుకే గిన్నె ఖరీదు ఎంతైనా, దాన్ని వదులుకోవడానికి అయ్యే ‘మాట ఖరీదు’ దానికి నాలుగు రెట్లుంటుంది.

తర్వాతి దారి ఫంక్షన్లు. గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్, శ్రీమంతం, వ్రతం. ఎక్కడికెళ్ళినా చేతిలో ఒక చిన్న స్టీలు డబ్బానో ప్లాస్టిక్ బుట్టో పెట్టి పంపుతారు. తాంబూలంలో జాకెట్ ముక్క సరేసరి. జాకెట్ ముక్కలది విచిత్రమైన ప్రయాణం. కుట్టించుకునేవి పదిలో ఒకటి రెండుంటే గొప్ప. మిగతావి బీరువాలో ఓ కవరులో చేరి, ఇంకొకరి తాంబూలంలోకి వెళ్తాయి. రూపాయి నోట్లలా చేతులు మారుతుంటాయి. చెలామణీలో ఉన్నంత కాలం ఇబ్బంది లేదు. కానీ ఒక్కో ఇంట్లో ఇచ్చే సందర్భాలు తగ్గి, పుచ్చుకునేవి పెరిగితే అక్కడ నిలవ పడిపోతాయి.

మూడోది చదువు. నెల్లూరు, ఒంగోలు కాలేజీల ఊళ్ళు. ఇంటర్ మెటీరియల్, ప్రవేశ పరీక్షల పుస్తకాలు, రఫ్ నోట్సులు, ఇంజనీరింగ్ రికార్డులు సంచుల కొద్దీ తయారవుతాయి. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో అమెరికాలోనో స్థిరపడతారు. వాళ్ళ పుస్తకాలు, సూట్‌కేసులు, పెట్టెల్లోని ట్రోఫీలు అమ్మానాన్నల ఇంట్లో ఉండిపోతాయి. ‘ఉంచమ్మా, వచ్చినప్పుడు చూస్తా’ అని ఫోనులో చెప్తారు. వచ్చేది పది రోజులకు, అందులో చూసేదేమీ ఉండదు.

ఇవి కాక హార్లిక్స్ సీసాలు, స్వీటు డబ్బాలు, ఆన్‌లైన్ పార్సిళ్ళ అట్టలు, కవర్లు నింపిన కవరు. విడివిడిగా చూస్తే ఒక్కటీ లెక్కలోకి రాదు.

చేతిలో ఉంటే ఖరీదు పెరుగుతుంది

వస్తువును వదలలేకపోవడం తెలుగిళ్ళ ప్రత్యేకత ఏమీ కాదు. డేనియల్ కానమన్, జాక్ నెచ్, రిచర్డ్ థేలర్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థుల చేతికి కాఫీ మగ్గులు ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. మగ్గు ఉన్నవాళ్ళు దాన్ని అమ్మడానికి అడిగిన ధర, లేనివాళ్ళు కొనడానికి ఇస్తామన్న ధరకు ఇంచుమించు రెట్టింపు. మగ్గు అదే. తేడా అంతా చేతిలో ఉండటం, లేకపోవడం. థేలర్‌కు 2017లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

దీని వల్ల సర్దేటప్పుడు అడిగే ప్రశ్న మారాలి. ‘ఇది పనికొస్తుందా?’ అంటే జవాబు ఎప్పుడూ అవుననే వస్తుంది, ఎందుకంటే ప్రపంచంలో ఏదో ఒక రోజుకు పనికిరాని వస్తువంటూ ఉండదు. ‘ఇది ఇప్పుడు ఇంట్లో లేకపోతే, అంగడికి వెళ్ళి డబ్బిచ్చి కొంటామా?’ అని అడిగితే జవాబు వేరేగా ఉంటుంది.

గంగాళం సంగతే తీసుకుందాం. అయిదేళ్ళకోసారి ఇంట్లో శుభకార్యానికి కావాలి. అయితే ఇప్పుడు వంట మాస్టరు తన సామానుతోనే వస్తాడు, లేకపోతే షామియానా అంగట్లో అద్దెకు దొరుకుతుంది. ఒక్క పూట అద్దె, అయిదేళ్ళ చోటు పక్కపక్కన పెట్టి చూస్తే గంగాళాన్ని అటక మీద ఉంచడానికి మిగిలే కారణం మమకారం ఒక్కటే. అదీ కారణమే. దాన్ని ‘అవసరం’ అనే పేరుతో దాచుకోకపోతే నిర్ణయం తేలికవుతుంది. మమకారం కోసమే అయితే ఇత్తడి సామానులో ఒక్క బిందె ఉంచుకుని తోమి, అందరికీ కనిపించేచోట పెట్టుకోవచ్చు.

మమకారం దాటి, పాత పేపరు చింపాలన్నా భయం వేసి, మంచం మీద పడుకునే చోటు కూడా లేనంతగా పేరుకుంటే అది వేరే సంగతి. దాన్ని 2013 నుంచి మానసిక వైద్యులు విడిగా ఒక రుగ్మతగా గుర్తిస్తున్నారు. అక్కడ సర్దుడు చిట్కాలు పనిచేయవు, వైద్యుడు కావాలి.

పోయే దార్లు ముందు చూసుకోవాలి

మొదటిసారి సర్దేవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. ఆదివారం పొద్దున అటక మీదవన్నీ కిందికి దించుతారు. సాయంత్రానికి హాలంతా కుప్ప. ఎవరికివ్వాలో, ఎక్కడ వేయాలో తెలియదు. రాత్రికి మళ్ళీ అటక ఎక్కిస్తారు. అటక దించడం కాదు కష్టం, గడప దాటించడం కష్టం.

పాత ఇనుము, పేపర్లు, అట్టలు, సీసాలకు వీధిలోకి వచ్చే పాత సామాన్ల బండి ఉంది. కాగితానికి వచ్చేది తక్కువ, ఇనుముకు కాస్త నయం, రాగి ఇత్తడికి ఎక్కువ. ఇత్తడి, రాగి మాత్రం వీధి బండికి కాకుండా పాత్రల అంగట్లో తూకం వేయించుకుంటే మేలు, తరుగు ఎంత తీస్తున్నారో ముందే అడగాలి. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే మారకం బేరం ఇంకా నడుస్తోంది. దీనితో ఒక తిరకాసుంది: పది చీరలు పోయి ఒక బేసిన్ ఇంట్లోకి వస్తుంది. ఇంట్లో ఇప్పటికే గిన్నెలు ఎక్కువైతే ఈ బేరంలో సామాను రూపం మారుతుంది, అంతే. పాత ఇనుముకు ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు) ఇచ్చే బండి ఆ విధంగా చూస్తే ఎంతో నయం. ఎర్రగడ్డలు వారంలో కూరలోకి పోతాయి.

బాగున్న బట్టలు ఇవ్వదలచుకుంటే ఉతికి, గుండీలు చూసి, మడతపెట్టి ఇవ్వాలి. చిరిగినవి దానం కింద లెక్క రావు. మెత్తటి నేత చీరలు బొంతకు పనికొస్తాయి, కానీ ఇంట్లో ఇప్పటికే ఎన్ని బొంతలున్నాయో లెక్క చూసుకోవాలి.

పాత సెల్‌ఫోన్లు, ఛార్జర్లు, ఇన్వర్టర్ బ్యాటరీలు చెత్తబుట్టలో వేయకూడదు. ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2022 ఏప్రిల్ 2023 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఫోన్లు, ఛార్జర్ల లాంటి పాత పరికరాలు అధీకృత రీసైక్లర్లకు చేరేలా చూసే బాధ్యత తయారీ కంపెనీలది. కొత్త బ్యాటరీ కొనేటప్పుడు పాతది షాపులోనే తిరిగివ్వడం అన్నిటికంటే తేలిక, ధరలోనూ తగ్గిస్తారు. రాష్ట్రంలో జనవరి 2025 నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. వీధిలో సర్దుడు ఆ వారానికి పెట్టుకుంటే చెత్త తరలింపు కలిసివస్తుంది.

భోగిమంట అసలు ఇలాంటి దారే. పాత చెక్క, విరిగిన తలుపులు, చీపుర్లు అందులో పోయేవి. ఇప్పుడు ఇళ్ళలో పాతబడేది చెక్క కాదు. ప్లాస్టిక్ కుర్చీలు, రెక్సిన్, ఫోము పరుపులు, వైర్లు. వాటిని మంటలో వేస్తే విషవాయువులు వస్తాయి. వ్యర్థాలను బహిరంగంగా కాల్చడాన్ని 2016 ఘన వ్యర్థాల నిబంధనలే వద్దన్నాయి. ఆ దారి సన్నబడిపోయింది, దాని స్థానంలో ఇంకోటి ఏర్పడలేదు.

నమ్మకాలనూ లెక్కలోకి తీసుకోవాలి. మంగళ, శుక్రవారాల్లో ఇంట్లోంచి వస్తువు బయటికివ్వని ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ ఇళ్ళలో శనివారం పెట్టుకుంటే వాదన ఉండదు. దేవుడి బొమ్మలున్న క్యాలెండర్లు, శుభలేఖలు, పగిలిన పటాలు మరో చిక్కు. చెత్తలో వేయలేరు, ఇంట్లో ఉంచలేరు, చివరికి ఏ రావిచెట్టు మొదట్లోనో వదిలేస్తారు. ఫ్రేము, అద్దం విడదీసి, కాగితాన్ని నీళ్ళలో నానబెట్టి కరిగాక మొక్కల మొదట్లో పోస్తే భక్తికీ లోటుండదు, చెట్టు కిందా గాజుపెంకులుండవు.

వాన, చెద, దోమ

సామాను ఇంట్లో ఉంటే నష్టమేంటి, చోటుంది కదా అనేవాళ్ళకు ఇక్కడి వాతావరణమే జవాబు. నెల్లూరు జిల్లాకు వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వల్ల వస్తుంది. నవంబరు 2021లో పెన్నా పొంగినప్పుడు కోవూరు వైపు, నెల్లూరులోని లోతట్టు కాలనీల్లో నీళ్ళు ఇళ్ళలోకి వచ్చాయి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. అలాంటప్పుడు నేల మీదున్న అట్టపెట్టెలు, మంచం కింది ట్రంకు పెట్టెలు ముందు మునుగుతాయి. వరద రాకపోయినా రెండు నెలల చెమ్మ చాలు, గోడకానించిన పుస్తకాలకు చెద పట్టడానికి, పట్టుచీర మడతల్లో జరీ నల్లబడటానికి.

డాబా మీదా పెరట్లోనూ ఉన్నవి ఇంకో రకం ప్రమాదం. డెంగీ దోమ పెట్టే గుడ్లు నీరు ఎండినా నెలల తరబడి చావవు. మళ్ళీ వాన పడితే పొదుగుతాయి. పాత టైర్లు, పగిలిన కుండలు, మూలన పడేసిన కూలర్ తొట్లు అందుకే ప్రమాదం. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కాబట్టే శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్ళు పారబోసి ఎండబెట్టే రోజు, పాటించమంటారు. కట్టెల కుప్ప, ఇటుకల కుప్ప తేళ్ళకూ పాములకూ నీడ.

ఇక్కడ క్యాలెండరు చిక్కు ఒకటుంది. ఇల్లు దులపడం మనకు సంక్రాంతి పని. జనవరిలో దులిపేసరికి నెల్లూరులో వానాకాలం వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది, తడవాల్సినవి తడిసిపోయి ఉంటాయి. మేలో చేద్దామంటే రేకుల కింద, అటక మీద ఆ వేడికి మనిషి నిలవలేడు. కాబట్టి పండగ దులుపుడు దానిదారిన దాన్ని ఉంచి, డాబా, పెరడు, నేల మీది పెట్టెల వరకు సెప్టెంబరులో ఒకసారి చూసుకోవడం ఈ రెండు జిల్లాల తీర ప్రాంతానికి సరిపోయే పద్ధతి.

మొదలు ఎక్కడ

జపాన్ కార్ఖానాల్లో పుట్టిన ‘ఫైవ్ ఎస్’ పద్ధతిలో మొదటి మెట్టు వేరు చేసి తీసేయడం, రెండోది చోటు కేటాయించడం, మూడోది శుభ్రం చేయడం. ఇళ్ళలో జరిగేది తలకిందులు: ముందు ప్లాస్టిక్ డబ్బాలు కొంటారు, ఉన్నవన్నీ వాటిలో నింపుతారు, పైన మూత పెడతారు. సామాను తగ్గలేదు, డబ్బాలు పెరిగాయి.

వస్తువుల రకాన్ని బట్టి సర్దాలా, గదిని బట్టా అనే చర్చ ఉంది. రకాన్ని బట్టి, అంటే ఇంట్లోని బట్టలన్నీ ఒక్కచోట పోసి చూసే పద్ధతికి ఒక మంచి గుణముంది. దుప్పట్లు ఇరవై రెండున్నాయని అప్పుడే తెలుస్తుంది. కానీ దానికి ఖాళీ గది కావాలి, ఇంటిల్లిపాదికీ తీరిక కావాలి. ఉద్యోగం, స్కూలు పిల్లలు ఉన్న ఇంట్లో ఒక్క అరతో మొదలు పెట్టడమే సాగుతుంది. అరగంటలో ముగిసేంత చిన్న చోటు ఎంచుకోవాలి.

ఆ మొదటి చోటు మందుల డబ్బా అయితే మంచిది. అందులో మమకారం ఉండదు, తేదీ రాసే ఉంటుంది, వాదన రాదు. గడువు తీరిన మాత్రలు, సగం వాడి ఆపిన యాంటీబయాటిక్ స్ట్రిప్పులు, అడుగున గడ్డకట్టిన సిరప్‌లు తీసి, తడి చెత్తలో కలపకుండా హానికర వ్యర్థాల కింద విడిగా ఇవ్వాలి. తర్వాత వంటింట్లో మూతల్లేని డబ్బాలు, డబ్బాల్లేని మూతలు. జత చేసి చూస్తే ఎన్ని మిగులుతాయో ఏ ఇంట్లోనైనా నవ్వొస్తుంది. పురుగు పట్టిన పప్పు, ఎప్పటివో తెలియని మసాలా పొట్లాలు అదే వరసలో పోతాయి. ఆపైన బట్టలు, ఆపైన డాబా. పట్టుచీరలు ఇందులో చేర్చకూడదు. వాటిని నూలు గుడ్డలో చుట్టి, ఏడాదికి రెండుసార్లు మడత మార్చి, కలరా ఉండలు చీరకు తగలకుండా పెట్టుకోవాలి.

ఒక నియమం మాత్రం తప్పనిసరి. ఎవరి వస్తువు మీద వారిదే నిర్ణయం. అత్తగారి ట్రంకు పెట్టెను కోడలు, భర్త పాత బండి సామాన్లను భార్య తీసేస్తే మర్నాటి నుంచి ఇంట్లో అందరూ తమ వస్తువులు దాచడం మొదలు పెడతారు. అమెరికాలో ఉన్న కొడుకు పుస్తకాలైతే వీడియో కాల్‌లో ఒక్కొక్కటీ చూపించి, ఉంచాలా వద్దా అప్పుడే చెప్పించుకోవచ్చు. తేల్చుకోలేనివి ఒక పెట్టెలో వేసి, పైన తేదీ రాయాలి. ఆరు నెలల్లో ఎవరూ తెరవకపోతే జవాబు దొరికినట్టే. తేదీ రాయని పెట్టె మరో అటకే.

కాగితాల దగ్గర తొందర వద్దు

కరెంటు బిల్లులు, గ్యాస్ రసీదులు, వారంటీ తీరిన కార్డులు తీసేయవచ్చు. ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు, బండి ఆర్‌సీ లాంటివి 2015లో వచ్చిన డిజిలాకర్‌లో ఉంచుకుంటే జిరాక్సు కట్టలు అక్కర్లేదు. భూమి కాగితాలు మాత్రం అలా కాదు.

అందుకు ఈ జిల్లాల చరిత్రే ఉదాహరణ. బ్రిటిష్ కాలపు సర్వే తర్వాత రాసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లలో చాలా సర్వే నంబర్ల ఎదుట యజమాని పేరుకు బదులు చుక్కలు పెట్టి వదిలేశారు. అవే చుక్కల భూములు. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో ఈ సమస్య తీవ్రంగా ఉండేది. తాతల నాటి నుంచి సాగులో ఉన్నా అమ్ముకోవడం కష్టమయ్యేది. 2017లో చట్టం చేశారు. మే 2023లో కావలిలో జరిగిన సభలో ఈ భూములపై రైతులకు హక్కులిస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. మధ్యలో గడిచిన ఏళ్ళన్నీ సాగు తమదేనని చూపడానికి రైతులకు ఉన్న ఆధారాలు పాత శిస్తు రసీదులు, పట్టాలు, అడంగళ్ళు, దస్తావేజులు. ఎక్కడో ట్రంకు పెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉన్నవి.

కాబట్టి భూమి, ఇల్లు, వారసత్వానికి సంబంధించిన కాగితం ఎంత పాతదైనా, చదవరాకపోయినా, పెద్దవాళ్ళకో దస్తావేజు లేఖరికో చూపించకుండా చింపకూడదు. వాటిని విడదీసి, ఫోటో తీసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, నేలకు ఎత్తుగా బీరువా పై అరలో ఉంచాలి. లామినేషన్ వద్దు, తర్వాత ఊడదీయలేరు.

మళ్ళీ నిండకుండా

ఒకసారి ఖాళీ చేసిన అటక పెళ్ళిళ్ళ సీజను రెండు దాటేసరికి మళ్ళీ నిండుతుంది, వచ్చే దార్లు అలాగే ఉన్నాయి కాబట్టి. వాటిలో కొనేది మన చేతిలో ఉంది, ఇంకొకరు ఇచ్చేది లేదు. పెళ్ళికి వెళ్ళి రిటర్న్ గిఫ్టు వద్దనడం మర్యాద కాదు. అయితే తమ ఇంట్లో ఫంక్షను జరిగినప్పుడు ఏమివ్వాలో ఎవరికి వారు తేల్చుకోగలరు. పేరు కొట్టించిన స్టీలు డబ్బాకు, నాలుగు మలైకాజల మిఠాయి పెట్టెకు ఖర్చులో పెద్ద తేడా ఉండకపోవచ్చు. మలైకాజ మర్నాటికి ఉండదు.